పట్టీలో ఎక్కిలి

డ్రోన్ నేర్చుకుందామని ఉత్సాహంగా వచ్చినవాళ్ళకి హిమబిందు మొదటిరోజు డ్రోన్ చూపించదు. పెట్టెకి తాళం వేసి, తాళంచెవి కొంగున ముడివేసుకుని, "పదండి, నాలుగు తలుపులు కొట్టి వద్దాం" అంటుంది. కడియపులంక దాటాక పూల నర్సరీల మధ్య, ఈ ఏడు నారు పొయ్యకుండా వదిలేసిన ఒక మడే ఆమె బడి. చుట్టూ బంతి మళ్ళు, పచ్చటి వలపందిళ్ళు, ఒక పక్కన పంటకాలవ. ఎక్కడ ఎగరెయ్యొచ్చో చూపించే ప్రభుత్వ పటంలో ఈ చోటుకి ఆకుపచ్చ రంగు ఉంది కాబట్టి చట్టానికి అభ్యంతరం లేదు. చట్టం సరేనన్నంతమాత్రాన వీరలక్ష్మి సరేననాలని లేదు కదా.

వీరలక్ష్మిది పక్క నర్సరీ. ఆవేళ కొత్తగా చేరిన గంగరాజు ఆవిడ ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. పెళ్ళిళ్ళకి వీడియోలు తీసే మనిషి, ఆలమూరు నుంచి బండిమీద వచ్చాడు.

"మీ మడి పక్కనుంచి డ్రోన్ ఎగరేస్తామండి. సమ్మతమేనా? వద్దంటే ఇప్పుడే దించేస్తాం," అని హిమబిందు నేర్పిన మాటలు ఎక్కాలు అప్పజెప్పినట్టు అప్పజెప్పాడు.

వీరలక్ష్మి నారుమీద నీళ్ళు చల్లడం ఆపకుండానే అతన్ని ఎగాదిగా చూసింది. "రేపు రండి. ఆలోచించుకుని చెప్తాను."

గంగరాజు మొహం మాడిపోయింది. గేటు దాటాక, "ఇందులో ఆలోచించడానికేముందండీ బాబూ! నేనొచ్చింది ఎగరేడానికండి, గుమ్మాలెక్కి దిగడానికి కాదు," అన్నాడు.

"రేపు రమ్మంటే రేపే రావాలండి," అంది హిమబిందు. "ఆకాశం అందరిదీ అంటాం. కానీ ఎవరింటిమీద ఉన్న ముక్క వాళ్ళకి కాస్త ఎక్కువ సొంతం. మొదటి పాఠం అయిపోయింది. వెళ్ళి అన్నం తినండి."

అని వెనక్కి తిరిగేసరికి గట్టుమీద ఆమె కూతురు మోక్షిత నిలబడి ఉంది. రాజమండ్రిలో పశువుల డాక్టరు. ఆసుపత్రి దగ్గరే గది తీసుకుని ఉంటుంది, ఆదివారాలు తల్లి దగ్గరికి వస్తుంది. ఆవేళ ఆదివారం కాదు.

"నన్నూ చేర్చుకో అమ్మా," అంది మోక్షిత.

హిమబిందు చెయ్యి కొంగున ఉన్న తాళంచెవి మీదికి పోయింది. మోక్షిత డ్రోన్ చప్పుడు వినబడితే చాలు, చేతిలో పని వదిలేసి ఇంట్లోకి వెళ్ళిపోయే మనిషి. తల్లి నడిపే ఈ బడికి అంతవరకూ ఒక్కసారీ రాలేదు. డాబామీద బట్టలు ఆరెయ్యదు. తలుపులు మూసి ఫ్యాను వేసుకుని కూర్చుంటే తప్ప ఆ పిల్లకి నెమ్మది ఉండదు.

"మొన్న ధవళేశ్వరం దగ్గర గేదె ఈనుతోంది," అని చెప్పింది మోక్షిత. "దూడ అడ్డం తిరిగింది. నా చెయ్యి లోపలుంది. ఎవరో పొలం చూసుకోడానికి డ్రోన్ ఎగరేశారు. నేను చెయ్యి తీసేసి కొట్టంలోకి పరిగెత్తానమ్మా. ఆ రైతు మొహం చూడలేకపోయాను. దూడ బతికింది, అది నా గొప్ప కాదు. ఇంక ఇలా కుదరదు. భయం పోవాలంటే దాని పగ్గం నా చేతిలో ఉండాలి."

ఏ తల్లయినా సంతోషించాల్సిన మాట. హిమబిందుకి మాత్రం ఆ సంతోషం రాలేదు. ఎగరెయ్యడం నేర్పితే ఎప్పటికైనా చేతికి పట్టీ కట్టాలి. పట్టీ కడితే కూతురికి అసలు సంగతి తెలుస్తుంది. తెలిశాక కూతురు తనకి దక్కుతుందో లేదో.

ఆ పట్టీ లేకుండా ఇప్పుడు ఎవరికీ లైసెన్సు ఇవ్వరు. డ్రోన్ పొట్టలో అరచేతిలో పట్టే రాడార్ ఒకటి ఉంటుంది. మనిషి గుండె కొట్టుకున్నప్పుడల్లా ఛాతీ వెంట్రుకవాసి కదులుతుంది కదా, ఆ కదలికని అది పైనుంచే పసిగడుతుంది. కిందివాళ్ళు స్థిమితంగా ఉన్నంతసేపూ ఎగరేసేవాడి మణికట్టున పట్టీ ఉలకదు పలకదు. ఎవరైనా బెదిరితే మాత్రం మోగుతుంది. చప్పుడు చెయ్యదు, చర్మంమీద కొట్టుకుంటుంది. గబగబా దడదడ, మధ్యలో ఒక ఎగపోత, క్షణం ఆగి మళ్ళీ దడదడ. పైలట్లు దాన్ని 'ఎక్కిలి' అంటారు. 'నిన్న నాకు రెండు ఎక్కిళ్ళు వచ్చాయిరా' అని వాళ్ళలో వాళ్ళు చెప్పుకుంటారు. ఎంత మొండివాడైనా ఆ ఎక్కిలి చేతికి తగిలితే చాలు, డ్రోన్ వెనక్కి తిప్పేస్తాడు. ఆ ఎగపోత అందులో ఎందుకుందో ఎవరికీ తెలీదు. తయారుచేసినవాళ్ళ తెలివి అనుకుంటారు.

దాన్ని తయారుచేసినవాళ్ళలో హిమబిందు ఒకతె.

అప్పట్లో ఆమె హైదరాబాదులో ఒక ప్రయోగశాలలో పనిచేసేది. గుండెని పట్టుకోవడం తొందరగానే వచ్చింది. భయాన్ని పట్టుకోవడమే రాలేదు. పరిగెత్తేవాడి గుండే వేగంగా కొట్టుకుంటుంది, పిండి రుబ్బే ఆవిడ గుండే వేగంగా కొట్టుకుంటుంది. వాటినుంచి భయాన్ని వేరుచెయ్యాలంటే పోల్చి చూడ్డానికి ఒక అసలు భయం కావాలి. తోటి ఉద్యోగుల్ని కింద నిలబెట్టి డ్రోన్ మీదికి దించితే, అది ఏమీ చెయ్యదని తెలిసినవాళ్ళు కాబట్టి వాళ్ళ గుండెలు నింపాదిగా కొట్టుకున్నాయి. కాలేజీ కుర్రాళ్ళని పిలిస్తే పడీపడీ నవ్వారు. మొహం నటిస్తుంది గానీ గుండె నటించదు. పని ఆగిపోయింది.

ఒక ఎండాకాలం సెలవురోజున ఆమె ఇంటి వెనక ఖాళీ స్థలంలో ఒక్కతే రాడార్ సరిచూసుకుంటోంది. డాబామీద అత్తగారు వడియాలు పెడుతోంది. కాకుల్ని తోలడానికి చిన్నారి మోక్షితని కర్ర ఇచ్చి కూర్చోబెట్టింది. ఆ పిల్లకి పొద్దుటినుంచీ ఎక్కిళ్ళు. నీళ్ళు తాగించారు, పంచదార నోట్లో వేశారు, "ఎవరో తలుచుకుంటున్నారులే" అన్నారు. తగ్గలేదు. "నా కాసులపేరు దొంగిలించింది నువ్వేనటగా!" అని అత్తగారు ఉలిక్కిపడేలా గద్దించింది కూడా. పిల్ల ఎక్కిళ్ళ మధ్యనే కిలకిలా నవ్వింది.

"దీనికి తగ్గట్లేదే బిందూ!" అని పిట్టగోడ మీంచి కేకేసి, పిండి తెచ్చుకోడానికి ఆవిడ కిందికి దిగింది.

హిమబిందుకి సరదా పుట్టింది. ఎక్కిళ్ళు పోవాలంటే ఒక్కసారి ఉలిక్కిపడాలి. ఏ ఇంట్లోనైనా చేసే వైద్యమే కదా. డ్రోన్‌ని పిట్టగోడ దాటించి పిల్ల వెనగ్గా ఒక్కసారిగా దించింది.

పిల్ల కెవ్వుమంది. పిండిగిన్నె దొర్లింది. వడియాల గుడ్డ లాక్కుని, దానికింద ముడుచుకుపోయింది. హిమబిందు చేతిలోని తెరవంక చూసింది. అన్నాళ్ళుగా ఎదురుచూసిన గీత తెరమీద మెరుస్తోంది. నటన లేని భయం, మధ్యమధ్య ఎక్కిలి ఎగపోతలతో సహా. వెంటనే డ్రోన్ లేపెయ్యాలి. ఆ సంగతి ఆమె వేలికి తెలుసు. కానీ గీత అంత బాగా వస్తోంది. ఇంకొక్క నిమిషం, అనుకుంది. ఆ నిమిషం పొడుగునా గుడ్డ కింద పిల్ల వణుకుతూనే ఉంది.

అత్తగారు పైకి పరిగెత్తుకొచ్చి, "ఎవడ్రా ఆకతాయి వెధవ! పసిదాన్ని చంపేస్తావురా!" అని ఆకాశాన్ని తిట్టిపోసింది. హిమబిందు డ్రోన్ సంచీలో పెట్టుకుని, వీధి చుట్టి వచ్చి, "ఎవరత్తయ్యా? ఎవరు?" అంది. అంత తేలిగ్గా అనగలిగింది. ఎక్కిళ్ళు పోయాయి. పిల్లకి జ్వరం వచ్చింది.

జ్వరం తగ్గాక చెబుదామనుకుంది. తగ్గేసరికి ప్రయోగశాలలో ఆ గీత చూసి అందరూ మిఠాయిలు పంచుకుంటున్నారు. ఈవేళ చెబుదాం, రేపు చెబుదాం అనుకుంటుండగానే ఆ గీతే చర్మంమీద కొట్టుకునే ఎక్కిలిగా ప్రతి పట్టీలోకీ ఎక్కేసింది. అత్తగారు ఆ ఆకతాయి వెధవని తిట్టుకుంటూనే కాలం చేసింది. హిమబిందు ఉద్యోగం మానేసి, ఈ మడి కౌలుకి తీసుకుని, వచ్చినవాళ్ళకల్లా ముందు తలుపు కొట్టి అడగడం నేర్పుతూ వస్తోంది. తను అడగలేదు కాబట్టి.

మోక్షిత సెలవు పెట్టి తల్లి ఇంట్లోనే ఉండి నేర్చుకుంది. మొదట్లో రెక్కలు తిరిగిన చప్పుడుకే ఆమె మెడమీద చెమటలు పట్టేవి. అయినా కదలకుండా నిలబడేది. రెక్కలకి బీటలున్నాయేమో వేలితో తడిమి చూసేది. బంతిరేకులు నాలుగు గాల్లోకి వదిలి, అవి ఎటు కొట్టుకుపోతున్నాయో చూసి గాలి లెక్క కట్టేది. డ్రోన్‌ని కంటిచూపు దాటనిచ్చేది కాదు. ఇంకా ఛార్జి ఉండగానే దించేసేది. ఒకరోజు కాలవగట్టున కొంగలు వాలితే, అవి మెడలెత్తి చూడకముందే డ్రోన్ దించి పెట్టెలో పెట్టేసింది.

"పటం ప్రకారం ఇక్కడ కొంగలకి వేరే రూలేం లేదు కదండీ?" అన్నాడు గంగరాజు.

"వాటికి పటం తెలీదు కదండీ," అంది మోక్షిత.

హిమబిందు మొహం తిప్పుకుంది. పిల్ల ఇంత బాగా నేర్చుకుంటుంటే గర్వంగానూ ఉంది, భయంగానూ ఉంది. పట్టీ కట్టే రోజుని ఏదో వంకతో వెనక్కి జరుపుతూనే వచ్చింది. గాలి ఎక్కువుందని ఒకసారి, మబ్బేసిందని ఒకసారి.

గంగరాజుకి మాత్రం కట్టక తప్పలేదు. వీరలక్ష్మి అన్నమాట ప్రకారం మర్నాడే ఒప్పుకుంది. ఒకరోజు అతను ఆవిడకి చెప్పిన హద్దులోనే ఎగరేస్తూ, పందిరి పక్కన పూలు బాగున్నాయని కాస్త ముందుకి పోనిచ్చాడు. పందిరి నీడలో మంచంమీద వీరలక్ష్మి అత్తగారు పడుకుని ఉంది. ముసలావిడ ఉలిక్కిపడి లేచింది. గంగరాజు "బాబోయ్!" అని డ్రోన్ గిరుక్కున వెనక్కి తిప్పి దించేసి, గట్టుమీద చతికిలబడ్డాడు. ముందు వెళ్ళి ముసలావిడకి దణ్ణం పెట్టి వచ్చాడు. తరవాత మణికట్టు రుద్దుకుంటూ కూర్చున్నాడు.

"ముసలావిడ భయపడిందని తెలుసండి," అన్నాడు చివరికి. "కానీ చేతిలో చిన్నపిల్ల ఏడ్చినట్టుందండీ. వెక్కివెక్కి ఏడ్చినట్టు. మా చంటిది అలాగే ఏడుస్తుంది."

"చిన్నపిల్లా?" అంది మోక్షిత.

హిమబిందు మంచినీళ్ళ సీసా కోసం వెతుకుతున్నట్టు వంగిపోయింది.

ఆ సాయంత్రం వంటింట్లో వంకాయలు తరిగే బల్లమీదే ఆమె ఒక పట్టీ విప్పదీసింది. ఆ గీత తీసేసి ఉత్త అదురు పెట్టడం ఆమెకి చిటికెలో పని. చట్టానికి విరుద్ధం. కానీ ఒక్క పట్టీ, ఒక్క పిల్ల కోసం. ఎవరికి తెలుస్తుంది? మోక్షితకి లైసెన్సు వస్తుంది, గేదెల దగ్గరికి ధైర్యంగా వెళ్తుంది, ఇంట్లో అంతా సవ్యంగా ఉంటుంది.

"పాడైందా అమ్మా?" అంటూ మోక్షిత వచ్చి పక్కన కూర్చుని వంకాయలు అందుకుంది.

"లేదే. చూస్తున్నా."

కూతురి చేతివేళ్ళు వంకాయ ముచ్చికల్ని ఒలుస్తుంటే హిమబిందు వాటివంకే చూస్తూ ఉండిపోయింది. ఆ రోజు ఈ పిల్ల దగ్గర్నుంచి అడక్కుండా తీసుకుంది. ఇప్పుడు అడక్కుండా దాచేస్తే అది రెండో దొంగతనం. మరలు బిగించి పట్టీ మూసేసింది. "రేపు కట్టుకుందువుగాని," అంది.

పట్టీతో పెట్టే చివరి పరీక్షలో మడి మధ్య ఒక కుర్చీ వేస్తారు. ఒప్పుకున్న మనిషి ఎవరో ఒకరు హెల్మెట్ పెట్టుకుని అందులో కూర్చుంటారు. తలమీదికి రాకుండా, చట్టం చెప్పినంత దూరంలో, ఆ మనిషి గుండె బెదరకుండా ఒక చుట్టు తిరిగి రావాలి. గంగరాజు పరీక్షకి వాళ్ళావిడ కూర్చుని, ఆయన కన్నా నింపాదిగా జామకాయ తిన్నది.

మోక్షిత తల్లి దగ్గరికి వచ్చింది. "నువ్వు కూర్చోవాలమ్మా," అని, కాస్త ఎడంగా జరిగి నిటారుగా నిలబడింది. "మీ పక్కనుంచి డ్రోన్ ఎగరేస్తానండి. సమ్మతమేనా? వద్దంటే ఇప్పుడే దించేస్తాను."

"సమ్మతమే," అంది హిమబిందు.

కుర్చీలో కూర్చుంది. ఎండ ఇంకా ముదరలేదు. బంతిపూల వాసన వస్తోంది. దూరంగా మోక్షిత ముందునుంచి చిన్న చుక్కలా డ్రోన్ లేచింది. వేలసార్లు తను ఎగరేసిందే, దానికి ఆమె భయపడేదేముంది? కానీ అది దగ్గరవుతున్నకొద్దీ గుండె దడదడలాడింది. ఆపుదామని చూస్తే ఇంకా ఎక్కువైంది. గుండె నటించదని ఆమే ఒకప్పుడు అందరికీ చెప్పేది. ఈ భయం డ్రోన్‌ని చూసి కాదు, కూతుర్ని చూసి అని రాడార్‌కి ఎలా తెలుస్తుంది?

డ్రోన్ గాల్లో ఆగింది. దూరంగా మోక్షిత చూపు తన మణికట్టుమీద పడింది.

ఇంకొక్క నిమిషం ఉంచితే ఆ పిల్లకి రూఢి అయ్యేది. ఆ ఎక్కిలి ఏమిటో, ఎవరిదో తేల్చుకోవాలని ఎవరికైనా అనిపిస్తుంది. ఆ ఆశ ఎలాంటిదో హిమబిందు కన్నా తెలిసినవాళ్ళు లేరు. మోక్షిత ఒక్క క్షణం కూడా ఉంచలేదు. డ్రోన్ మెల్లిగా వెనక్కి జరిగింది, ఇంకా వెనక్కి జరిగి, దిగడానికి గీసిన సున్నం గీతల మధ్య నెమ్మదిగా వాలింది. రెక్కలు ఆగిపోయాయి. కుర్చీలో హిమబిందుకి కళ్ళవెంట నీళ్ళు కారిపోయాయి. తను చెయ్యలేకపోయిన పని కూతురు చేసింది.

మోక్షిత పట్టీ విప్పుకుంటూ మడి దాటి వచ్చింది. "బాగా దించారండి!" అంటూ గంగరాజు ఎదురొచ్చాడు గానీ, ఆ తల్లీకూతుళ్ళ మొహాలు చూసి, చేతికి పట్టీ లేకపోయినా సంగతి గ్రహించి, వెనక్కి తిరిగి గట్టు దిగి వెళ్ళిపోయాడు.

మోక్షిత కుర్చీ పక్కన మట్టిలో కూర్చుంది. "అమ్మా, ఇది నాకు తెలుసు. నా ఒంటికి తెలుసు. వడియాల రోజు."

"అవును."

"ఆ ఆకతాయి వెధవ..."

"నేనే."

ఇంకేమీ దాచలేదు హిమబిందు. ఎక్కిళ్ళు పోతాయని దించడం, తెరమీద గీత చూడడం, ఆపాల్సిన చోట ఆపకపోవడం, వీధి చుట్టి రావడం, అన్నీ చెప్పింది. నీ మంచికే అనలేదు, దేశానికి మంచి జరిగిందీ అనలేదు. నిన్ను భయపెట్టి ఆ భయాన్ని వాడుకున్నాను, చెప్పడానికి ధైర్యం చాల్లేదు, అంది.

మోక్షిత పట్టీని అరచేతిలో పెట్టుకుని తిప్పి చూసింది.

"ఎక్కిళ్ళు పోయాయా ఆవేళ?" అని అడిగింది.

"వెంటనే పోయాయి."

"పోలేదమ్మా. తీసి ఇందులో పెట్టావు, అంతే."

హిమబిందుకి ఏడుపు పొంగుకొచ్చింది. "తీయించేస్తాను. ఇవాళే రాస్తాను ఆ ప్రయోగశాలవాళ్ళకి. వేరే గీత పెట్టుకుంటారు, లేకపోతే అన్ని పట్టీలూ వెనక్కి తెప్పించుకుంటారు. నేనే..."

"చూశావా, మళ్ళీ నువ్వే తేల్చేస్తున్నావు," అంది మోక్షిత. గొంతులో కోపం ఉంది, కానీ మాట నెమ్మదిగానే ఉంది. "గంగరాజు గారితో అన్ని గుమ్మాలు ఎక్కించావు. నా గుమ్మం ఎప్పుడైనా ఎక్కావా? అడుగు. అందరికీ నేర్పినట్టే అడుగు."

హిమబిందు కుర్చీలోంచి లేచి, హెల్మెట్ తీసి పక్కన పెట్టింది. పూలు కోసి తోటమాలికి దొరికిపోయిన పిల్లలా కూతురి ముందు చేతులు కట్టుకుని నిలబడింది. ఎన్ని వందలమందికో నేర్పిన మాటలు ఆమె నోటికి ఒకపట్టాన రాలేదు.

"మీ భయాన్ని తీసుకెళ్ళి అందరి చేతులకీ కట్టానండి," అంది. "ఇంకా అలాగే ఉంది. ఉంచడం సమ్మతమేనా? వద్దంటే... వద్దంటే ఇప్పుడే దించేస్తాను."

మోక్షిత లేచి, చున్నీకి అంటిన మట్టి దులుపుకుంది. తల్లి మొహంలోకి చూసింది.

"రేపు రండి," అంది. "ఆలోచించుకుని చెప్తాను."

పట్టీ తల్లి చేతిలో పెట్టి, సంచీ తీసుకుని, రాజమండ్రి ఆటో ఎక్కి తన గదికి వెళ్ళిపోయింది. హిమబిందు ఆపలేదు.

ఆ రాత్రి ఆమెకి అన్నం సయించలేదు. కూతురు వద్దంటే ఏం చెయ్యాలో, ఎవరెవరికి ఏం ఒప్పుకోవాలో అంతా అనుకుంది. ఉంచమంటే ఏం మొహం పెట్టుకుని వినాలో అదీ అనుకుంది. రెండింట్లో ఏది వచ్చినా తీసుకోవాల్సిందే. రేపు రమ్మంటే రేపే రావాలని చెప్పింది తనే కదా.

మర్నాడు గోదావరి మీద మంచు విడకముందే ఆమె పశువుల ఆసుపత్రి వెనక మేడమెట్లు ఎక్కింది. తలుపు ముందు నిలబడి కొంగు సర్దుకుంది. చెయ్యెత్తి మెల్లిగా రెండుసార్లు కొట్టింది.

"ఎవరండీ?" అని లోపల్నుంచి మోక్షిత గొంతు.

"కడియపులంక నుంచండీ," అంది హిమబిందు. "నిన్న రమ్మన్నారు."

అడుగుల చప్పుడు తలుపు దాకా వచ్చింది. తరవాత లోపల గడియ తీశారు.